నాగబాబు నవ్వాడా?

బందరులో నన్ను చూసి నవ్వని మనిషి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నాగబాబు ఒక్కడే. అతను ఎవర్ని చూసినా నవ్వడు, అది వేరే సంగతి. నాగాయలంక దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళిన మనిషి, నడుం పట్టేసి పడవ మానుకుని, మా గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మిగతా ఊరంతా నవ్వుతుంది. కూరగాయల సత్యవతమ్మ దొండకాయలు తూస్తూ నవ్వుతుంది. బస్టాండులో ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని నవ్వుతారు. నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే పంతులమ్మను. బోర్డు మీద త్రిభుజం గీసి వెనక్కి తిరిగేసరికి ఏదో ఒక బెంచీలోంచి కిసుక్కుమంటుంది. త్రిభుజంలో నవ్వాల్సిందేముందో నాకైతే ఇన్నేళ్ళలో కనిపించలేదు.

దీనికంతటికీ కారణం మా వారు.

మా వారి పేరు వెంకటసుబ్రహ్మణ్యం. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో నోట్లో నాలుక లేని మనిషి. పైఅధికారి అరిస్తే 'సరేనండి', కిందివాడు అరిస్తే 'అలాగేనండి'. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు మర్చిపోయినా నోరెత్తరు, ఊరగాయ వేసుకుని కలుపుకుంటారు. అలాంటి మనిషికి నెలలో ఒక్క రోజు, రెండో శనివారం సాయంత్రం, ఎక్కడలేని ప్రాణం వచ్చేది. ఆ రోజు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, మీసం కత్తిరించుకుని, నరసింహారావు గారి రోల్డుగోల్డు కొట్టు పైన ఉన్న మేడ హాలుకు వెళ్ళేవారు. అక్కడే మా ఊరి హాస్యప్రియుల సంఘం కూడుతుంది. నరసింహారావు గారే దానికి అధ్యక్షులు.

ఆ సంఘానికి కొన్ని నియమాలున్నాయి. చేతిలో కాగితం ఉండకూడదు. ఫోన్‌లో వచ్చినవీ, పేపర్లో చదివినవీ చెప్పకూడదు. మన ఇంట్లో, మన వీధిలో, మనకు జరిగిందే చెప్పాలి. అదీ అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు చెప్పాలి. ఇంతమంది పెద్దమనుషులు సమోసాలు తిని టీ తాగి, ఒకళ్ళ అవస్థలకు ఒకళ్ళు నవ్వుకుని ఇళ్ళకు పోతారు. వినడానికి బాగానే ఉంది కదా! చిక్కేమిటంటే మా వారికి జరిగేవి ఏమీ ఉండవు. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి. జరిగేవన్నీ నాకే జరుగుతాయి. నా జాతకం అలాంటిది.

మా లిఫ్టులో ఒక ఆడగొంతు 'దయచేసి తలుపు వేయండి' అంటుంది. 'వేశానమ్మా, వేశాను' అని నేను జవాబు చెప్తుంటాను. మర్యాదగా అడిగినదానికి జవాబు చెప్పకపోతే ఏం బాగుంటుంది? ఆన్‌లైన్‌లో కుక్కరు తెప్పిస్తే అరచేతిలో పట్టేంత బొమ్మ కుక్కరు వచ్చింది. ఇలాంటివన్నీ సాయంత్రం కాఫీ కలుపుతూ ఆయనకు చెప్పేదాన్ని. ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని, గ్లాసు చల్లారిపోతున్నా తాగకుండా వినేవారు. ఎంత శ్రద్ధ ఈ మనిషికి అని మురిసిపోయేదాన్ని. పిచ్చిమొహాన్ని. నేను చెప్పిన ప్రతి ముక్కా రెండో శనివారం మేడ ఎక్కేది.

అన్నిట్లోకీ ఊరూరా పాకింది సినిమా కథ. విజయవాడలో పెద్ద మాల్‌లో సినిమాకు వెళ్ళాం. మన బందరు హాళ్ళలో ఒకటే తెర, ఒకటే గుమ్మం. ఇంటర్వెల్‌లో బయటికొచ్చిన మనిషి ఎటు తిరిగినా మళ్ళీ ఆ సినిమాలోకే వస్తాడు. అక్కడ అలా కాదు, వరసగా గుమ్మాలే. నేను బాత్రూముకు వెళ్ళి తిరిగొచ్చి, చీకట్లో తడుముకుంటూ ఒక సీట్లో కూర్చున్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది, ఈయన పాప్‌కార్న్‌కు వెళ్ళారనుకున్నాను. తెర మీద మనుషులంతా మారిపోయారు. మన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత ఏమైనా జరుగుతుందిలే అని సర్దుకుని చివరిదాకా చూశాను. బయట ఈయన కనిపించగానే అన్నాను, 'రెండో సగం అస్సలు బాగాలేదండీ, హీరో కూడా మారిపోయాడు' అని.

ఆ మాట నేను అన్నది నిజమే. కానీ మేడ మీద దాన్ని ఆయన చెప్పే తీరు చూడాలి. 'బయటికొచ్చి మా ఆవిడ ఏమందంటే...' అని ఆగేవారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. హాలంతా ఊపిరి బిగబట్టేది. అద్దాలు పెట్టుకుని, తలొంచుకుని, ఎవరికో రహస్యం చెప్తున్నట్టు 'హీరో కూడా మారిపోయాడు' అనేవారు. ఇక చూస్కోండి, కుర్చీలు కదిలిపోయేవి. ఎవరో దాన్ని ఫోన్‌లో తీసి నెట్లో పెట్టారు. అప్పట్నుంచీ నేను సులోచన టీచర్‌ను కాను, హీరో మారిపోయిన ఆవిడను.

ఓర్చుకున్నాను. మొగుడికి నాలుగు చప్పట్లు పడుతుంటే పెళ్ళానికి ఏడుపేంటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ చల్లపల్లిలో మా పిన్ని అల్లుడు పోయినప్పుడు నా ఓర్పు తెగిపోయింది. పరామర్శకు వెళ్ళాను. పిన్ని కూతురు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను దాని చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాను. వెనకనుంచి ఎవరో ఆడవాళ్ళు 'ఈవిడేనే, హీరో మారిపోయాడన్న ఆవిడ' అనడం, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఫక్కున నవ్వడం వినిపించింది. చావింట్లో! ఆ పిల్ల తలెత్తి చూసిన చూపు నేను మర్చిపోలేను. నవ్వు తెచ్చింది నేనే అన్నట్టు నేను తలొంచుకున్నాను.

ఇంటికొచ్చి చెప్తే ఆయన అన్న మాట వినండి.

"పోనీలే సులోచనా, అంత దుఃఖంలోనూ నాలుగు మొహాలు నవ్వాయి కదా."

ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆయనకు కాఫీ ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు, అది ఇంకా మండింది.

ఏటేటా గుడివాడలో మా సంఘమూ, అక్కడి సంఘమూ కలిసి వార్షికోత్సవం చేస్తారు. అందులో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది పొడుగునా భార్యల మీద జోకులేసిన పాపం కడుక్కోవడానికి కాబోలు, ఆ రోజు భార్యలను స్టేజీ మీదకు పిలిచి సన్మానం చేస్తారు. శాలువా, జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ, ఓ పళ్ళెంలో బత్తాయిలు. తర్వాత మైకు చేతికిచ్చి 'రెండు ముక్కలు మాట్లాడండమ్మా' అంటారు. ప్రతి ఆవిడా సిగ్గుపడి 'థాంక్సండీ' అని మైకు తిరిగిచ్చేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఎన్నేళ్ళుగానో ఇదే వరస.

ఆ ఏడాది నేను మైకు తిరిగివ్వలేదు.

"రెండు ముక్కలన్నారుగా, చెప్తాను వినండి," అన్నాను. "మా వారు అప్పటికప్పుడు చెప్తారని మీరంతా మెచ్చుకుంటారు. ఎంత అప్పటికప్పుడో నేను చెప్తా. శుక్రవారం సాయంత్రం బాత్రూములో ట్యాపు తిప్పి పెడతారు, నాకు వినిపించకుండా. లోపల బకెట్టుకూ మగ్గుకూ సభ జరుగుతుంది. 'మా ఆవిడ ఏమందంటే... ఆగు. ఇక్కడ అద్దాలు తుడవాలి. ఇంకొంచెం ఆగు. ఇప్పుడు!' ఆ అద్దాలకు దుమ్ము లేదు, ధూళి లేదు, పొద్దున్నే నేను తుడిచిస్తాను."

హాలు గొల్లుమంది. నాకు ఊపొచ్చింది.

"ఇవాళ పొద్దున్నే జరిగిందండీ అంటే మూడు ఎండాకాలాల కిందట జరిగిందని అర్థం. ట్యాపు దగ్గర పాసైతే సరిపోదు, గేటు దగ్గర ఇంకో పరీక్ష ఉంది. మా వాచ్‌మన్ నాగబాబని ఉన్నాడు, పుట్టాక నవ్వని మనిషి. ఈయన కిందికి దిగి, మోటారు సంగతి అడిగే మిషతో జోకు చెప్తారు. నాగబాబు పెదవి కదిలితే ఆ జోకు మీ దగ్గరికి వస్తుంది. కదలకపోతే దానికి అక్కడే దినవారాలు. మీరు ఇన్నేళ్ళుగా నవ్వుతున్నవన్నీ నాగబాబు నవ్వి వదిలేసినవేనండీ!"

ఏం నవ్వులు బాబోయ్! గుడివాడ వాళ్ళు బల్లలు చరిచారు. నరసింహారావు గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. మా వారు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వారు. చావింట్లో తలొంచుకున్న తల ఆ రోజు ఎత్తాను. నవ్విన నాపచేనే పండింది అనుకున్నాను. శాలువా సర్దుకుంటూ కిందికి దిగుతుంటే నాకు నేనే ఎంత గొప్పగా కనిపించానో చెప్పలేను.

తిరుగు బస్సులో ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు.

"బాగా చెప్పావు," అన్నారు. "చాలా బాగా చెప్పావు."

అంతే. బత్తాయిల సంచీ ఒళ్ళో పెట్టుకుని బందరు దాకా బయటికే చూశారు. అలసిపోయారనుకున్నాను.

తర్వాతి రెండో శనివారం నన్ను కూడా రమ్మని నరసింహారావు గారు మరీ మరీ చెప్పారు. వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే ఆ దృశ్యం చూడకపోదును. మా వారి వంతు వచ్చింది. ఏదో కరెంటు బిల్లు గొడవ, నాకు జరిగిందే. బాగానే మొదలుపెట్టారు. అసలు మాట దగ్గరికొచ్చి, అలవాటు ప్రకారం ఆగారు. చెయ్యి కళ్ళద్దాల మీదకు వెళ్ళింది.

"నాగబాబు నవ్వాడా?" అని వెనకనుంచి ఎవరో కేకేశారు.

హాలంతా ఒక్కటే నవ్వు. మా వారూ నవ్వి, అద్దాలు వదిలేసి, మళ్ళీ అందుకున్నారు. ఇంకోచోట ఆగబోయారు. "ట్యాపు కట్టేశారా మాస్టారూ?" అని ఇంకొకరు. మళ్ళీ నవ్వు. ఆ తర్వాత ఆయన నోరు విప్పినప్పుడల్లా వాళ్ళు కథ కోసం చూడలేదు, ఎక్కడ ఆగుతారా అని చూశారు. ఇన్నేళ్ళూ ఊపిరి బిగబట్టిన మనుషులే, ఇప్పుడు కేక వేయడానికి ఊపిరి పీల్చుకుంటున్నారు. వాళ్ళకు చెడ్డ బుద్ధేం లేదు. సరదాగానే అన్నారు. నేను కూడా సరదాగానే కదా అన్నది.

ఆయన అసలు మాట చెప్పకుండానే "ఇంతేనండీ" అని కూర్చున్నారు. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

ఆ పై నెల రెండో శనివారం సాయంత్రం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టాను. ఆయన టీవీ ముందు కూర్చుని ఛానళ్ళు మారుస్తున్నారు.

"వెళ్ళట్లేదా?"

"ఆ, ఏముందిలే. సమోసాలు పడట్లేదు నాకు."

ఆ చొక్కా ఆయన ఆఫీసుకు వేసుకెళ్ళారు. ఇంటి గుట్టు లంకకు చేటు అని మా బామ్మ అంటూ ఉండేది. వినీ వినీ విసుగొచ్చిన సామెత. ఇంతకాలానికి అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలుపెట్టాను. రోల్డుగోల్డు కొట్టుకు వెళ్ళి నరసింహారావు గారిని కడిగేశాను.

"ఏమండీ, పెద్దమనిషిని పట్టుకుని కేకలేస్తారా? సభలో మర్యాద ఉండొద్దూ?"

ఆయన గాజుల పెట్టె మూసి బిక్కమొహం వేశారు. "అయ్యో సులోచనమ్మగారూ, కేకలేసింది మీ జోకేగదండీ! మీరు చెప్పిందే మేమన్నాం. ఆయన్నేమైనా అన్నామా మేము?"

కొట్టు మెట్లు దిగి వచ్చేశాను.

గేటు దగ్గర నాగబాబును అడిగాను. ఈమధ్య అయ్యగారు నీతో ఏమైనా చెప్తున్నారా అని.

"లేదండి. మోటారు ఆన్ చేశావా అంటారండి, వెళ్ళిపోతారండి," అన్నాడు. నేను లోపలికి తిరగబోతుంటే, "బాగుండేయండి ఆయన చెప్పేయి," అన్నాడు.

"మరి నవ్వేవాడివి కాదేం?"

"లోపల నవ్వేవోణ్ణండి," అన్నాడు నాగబాబు.

సరే, ఇలా కాదని నేనే ఒక ఉపాయం ఆలోచించాను. కార్తీకమాసంలో సంఘం వాళ్ళు వనభోజనాలకు పాలకాయతిప్ప బయల్దేరారు. ఆయన రానన్నారు. సముద్రస్నానం పుణ్యమనీ, హంసలదీవి గుళ్ళో దణ్ణం పెట్టుకుందామనీ బతిమాలి తీసుకెళ్ళాను. ఆ ఇసకలో ఉసిరిచెట్టు ఎక్కడుంటుంది? నరసింహారావు గారు బందరు నుంచి ఒక ఉసిరి కొమ్మ తెచ్చి ఇసకలో గుచ్చి, దాని చుట్టూ చాపలు పరిపించారు. గుప్పెడు నీడ లేదు. అయినా శాస్త్రానికి లోటు రాలేదు. పులిహోరలో ఇసక, పెరుగన్నంలో ఇసక, అన్నీ తిన్నాం.

భోజనాలయ్యాక బ్యాటరీ మైకు తీశారు. మా వారి వైపు ఎవరూ చూడలేదు. అందరూ నా వైపే చూశారు.

"మేడమ్ గారు చెప్పాలి! మేడమ్ గారు మీ ఇంటి విశేషాలు చెప్పాలి!"

వాళ్ళకు ఆయన మీద ఇంకో కథ కావాలి. నాకు తెలుసు. నేను మైకు తీసుకున్నది అందుకు కాదు. ఆయన కథ ఎంత గొప్పదో, దాన్ని ఆయనలా చెప్పడం ఎంత కష్టమో వాళ్ళకు గుర్తు చేద్దామనుకున్నాను. అది విన్నాక వాళ్ళే ఆయన్ను లేపి చెప్పమంటారని నా ఆశ.

"ఇవాళ నన్నే వెక్కిరించుకుంటా," అని సినిమా కథ మొదలుపెట్టాను. నాకు జరిగిన కథ, నా నోటి మాట. చెప్పలేకపోవడానికేముంది? చెప్పుకుంటూ పోయాను. గుమ్మాలన్నాను, చీకటన్నాను, బయటికొచ్చి హీరో మారిపోయాడన్నానన్నాను. ఒక్కళ్ళూ నవ్వలేదు. మొహమాటానికి ఒకావిడ పళ్ళు బయటపెట్టింది. సముద్రం హోరు ఒకటే వినిపిస్తోంది. కంగారుపడి, నవ్వలేదంటే వినపడలేదేమోనని మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాను. మళ్ళీ ఆ మాట దాకా వచ్చాను.

మా వారు చాప మీద నా పక్కనే కూర్చుని ఉన్నారు. తల వంచుకుని, నాకు మాత్రమే వినిపించేట్టు, చాలా మెల్లగా అన్నారు.

"ఆగు. అక్కడ ఆగాలి."

నాకు మాత్రమే అనుకున్నారు పాపం. మైకు నా గడ్డం కింద ఉంది. ఆ మాట ఇసకంతా వినిపించింది.

ఇక అందుకున్నారండీ నవ్వు! చాపల మీద దొర్లారు. "జంట బ్రహ్మాండంగా ప్రాక్టీసు చేసిందండోయ్!" అన్నారు ఒకాయన. "నాగబాబును తీసుకురావాల్సింది!" అన్నారు ఇంకొకాయన. నరసింహారావు గారైతే దగ్గొచ్చి నీళ్ళు తాగారు. ఇకనుంచి నెలనెలా మీ ఇద్దరి జంట కార్యక్రమమే పెడతామన్నారు. నేను సాయం చేయబోతే, ఆయన నాకు సాయం చేయబోతే, ఆ సాయమే అందరికీ వేడుకైంది.

ఆయన కూడా నవ్వి, లేచి, పంచెకంటిన ఇసక దులుపుకుని నీళ్ళ వైపు నడిచారు.

నేను మైకు పారేసి వెనకాలే వెళ్ళాను. కృష్ణ సముద్రంలో కలిసే వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. కోప్పడితే బాగుండేది. నా మీద ఒక్కసారి అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం సమానమైపోయేవాళ్ళం.

"తప్పైపోయిందండీ," అన్నాను. "గుడివాడలో నేను అలా అనకుండా ఉండాల్సింది. మీరు నా గురించి చెప్పినవాటికి కోపమొచ్చి అనేశాను."

"నీకు కోపం రావడం న్యాయమే సులోచనా. చావింట్లో జరిగినదానికి నేను అన్న మాట మంచిది కాదు. తర్వాత తెలిసింది."

"అయితే మళ్ళీ చెప్పండి. మీ ఇష్టమొచ్చినట్టు చెప్పండి. ఊరంతా నవ్వుకోనీ నన్ను చూసి. నాకేం కాదు."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఏముంది చెప్పడానికి? మాటలు ఎప్పుడూ నీవే. జరిగేవీ నీకే. ఎక్కడ ఆగాలో, అదొక్కటే నాది." అల వచ్చి కాళ్ళు తడిపింది, వెనక్కి జరిగారు. "అది అందరికీ తెలిసిపోయాక ఇంక పనిచెయ్యదు."

నేను ఏడ్చాను. ఆయన జేబురుమాలు ఇచ్చారు. వనభోజనాలకొచ్చి ఏడుస్తున్నారేంటండీ అని ఎవరో దూరం నుంచి అరిచారు.

జంట కార్యక్రమానికి నేను ఒప్పుకోలేదు. ఆ తర్వాత సంఘం వైపే వెళ్ళలేదు. మూడు నాలుగు నెలలు నరసింహారావు గారు ఫోన్ చేశారు, తర్వాత చేయలేదు. ఊళ్ళో నన్ను చూసి నవ్వడం కూడా తగ్గింది. కొత్త వీడియోలేవో వచ్చి ఉంటాయి. సత్యవతమ్మ దొండకాయలు తూచి మామూలుగా చేతికిస్తోంది. తొమ్మిదో తరగతి పిల్లలు త్రిభుజాన్ని త్రిభుజంలాగే చూస్తున్నారు. నేను కోరుకున్నదే ఇది. కోరుకున్నది దొరికాక ఇంత వెలితిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మొన్న మాఘమాసంలో మా స్కూల్లో సైన్సు టీచర్ గారి అమ్మాయి సుష్మిత పెళ్ళికి వెళ్ళాను. ఈయనకు ఆఫీసులో ఆడిట్ ఉండి రాలేదు. కొత్త ఫంక్షన్ హాలు, కింద ఒక పెళ్ళి, పైన ఒక పెళ్ళి. నేను కింద పెళ్ళికి వెళ్ళిపోయాను. సైన్సు టీచర్ కనిపించకపోతే పెళ్ళి పనుల్లో ఉందనుకున్నాను. పెళ్ళికూతురికి ఆ సున్నాలూ రంగులూ పూశాక ఎవరు సుష్మితో, ఎవరు కాదో దేవుడికి కూడా తెలియదు. అక్షింతలు వేశాను. నేను తెచ్చిన వెండి కుంకుమభరిణె చేతిలో పెట్టాను. భోజనానికి కూర్చుంటే ఒక ముసలావిడ వచ్చి 'ఎంతకాలమైందే నిన్ను చూసి' అని నా బుగ్గలు నిమిరింది. మా స్కూలు వాళ్ళ ఇంటి పెళ్ళే కదా, ఎవరి అమ్మమ్మో అయ్యుంటుందని నేనూ ఆవిడ బుగ్గలు నిమిరాను. అప్పగింతలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి ఏడుస్తూ వరసగా అందరి మీదా పడుతూ నా మీద కూడా పడింది. నాకు ఎక్కడలేని దుఃఖం ముంచుకొచ్చింది. 'అత్తగారికి ఎదురు చెప్పకమ్మా, అలాగని అన్నీ పడి ఉండకు' అని వెక్కి వెక్కి ఏడుస్తూ బుద్ధులు చెప్పాను. నా ఏడుపు చూసి పెళ్ళికొడుకు తల్లి కూడా ఏడ్చింది. వీడియో వాడు లైటు నా మొహం మీదే పెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, పూలతో రాసిన పేర్లు చూశాను. అందులో సుష్మిత లేదు. తల పైకెత్తితే మేడ మెట్ల మీద మా సైన్సు టీచర్ నిలబడి 'ఇంత ఆలస్యమా సులోచనగారూ, రండి రండి, భోజనాలు నడుస్తున్నాయి' అంటోంది. వెళ్ళి మళ్ళీ తిన్నాను. ఏం చేయను?

ఆటోలో వస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి భయపడ్డాడు. ఎన్నాళ్ళకో కడుపు పట్టుకుని నవ్వాను. ఎప్పుడెప్పుడు ఇంటికెళ్ళి చెప్దామా అని ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పులు గుమ్మంలోనే విసిరేసి లోపలికి పరిగెత్తాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ కూర్చున్నారు.

"ఏవండీ! ఇవాళ పెళ్ళిలో ఏమైందో తెలుసా!"

ఆయన తలెత్తారు. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది, ఇది మామూలు సంగతి కాదని. చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఒక్క క్షణం ఆ కళ్ళల్లో ఎంత ఆశ వచ్చిందో! నేను కొంగు దోపుకుని, ఊపిరి తీసుకుని, నోరు తెరిచాను.

"చెప్పకు సులోచనా," అన్నారు.

"అయ్యో, వినండీ..."

"వద్దు. వింటే మళ్ళీ ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది."

విసుక్కోలేదు, ముభావంగానూ అనలేదు. నన్ను బతిమాలినట్టు అన్నారు. అన్నాక చేతిలో కాయ తుంచి గిన్నెలో వేసి, ఇంకో కాయ తీసుకున్నారు.

నేను పట్టుచీరతోనే ఆయన పక్కన కూర్చుని, నాలుగు కాయలు నా వైపు లాక్కున్నాను. పెళ్ళి బాగా జరిగిందా అని అడిగారు. బాగా జరిగిందన్నాను.